ఆదవోని పెండ్లి – అడివి బాపిరాజుగారి చారిత్రక నవలా జీవితము

గోదావరీ తీరమున పుట్టి, బందరున చిత్రకళను అభ్యసించి, మదరాసున కన్నుమూసిన రచయితకును, తుంగభద్రకు దక్షిణమున ఎఱ్ఱని బండరాతి కొండలపై నిలిచిన ఆదవోని దుర్గమునకును సంబంధమేమి? అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ నవలను చదివినవారికి ఈ ప్రశ్న తోచదు. ఆ నవలలో కథ కదలునది ఆదవోని రాజకుమారి వివాహవేదికనుండియే. అయితే రాయచూరు కోటగోడలోని ఒక శాసనము కూడ గన్నారెడ్డి పేరును ఆదవోని పేరును కలిపి చెప్పుచున్నది. ఆ శాసనమున పెండ్లి లేదు, దండయాత్ర కలదు. శాసనమునకును నవలకును గల ఈ అంతరము దోషమా, గుణమా యని విచారించుటకు ముందు ఆ రచయిత జీవితమును కొంత తెలిసికొనవలసియున్నది. ఆయన ఏ మార్గమున చరిత్రలోనికి ప్రవేశించెనో తెలిసిననే గాని ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు.

బాపిరాజుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన భీమవరమున జన్మించినారు. తండ్రి కృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. ప్రాథమిక విద్య భీమవరమున సాగినది. పై చదువునకు రాజమహేంద్రవర కళాశాలలో చేరినారు. అప్పుడు అచ్చటి ఆంగ్లేయ ఆచార్యుడు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన స్వయముగా చిత్రకారుడు, కవి. ప్రతిభగల తెలుగు బాలురను వెదకి చేరదీసినవాడు. దామెర్ల రామారావుగారు, బాపిరాజుగారు ఆయన ఛాయలో పెరిగినవారే. రామారావుగారు 1925లో ఇరువది యెనిమిదవ యేటనే గతించినారు. ఆ గురువు మూలముననే అజంతా గుహల చిత్రసంపద ఈ యువకుల మనస్సులలో నాటుకొన్నది. బాపిరాజుగారి నవలలలోని అంతఃపురములు, కేశపాశములు, హారకేయూరములు ఎక్కడినుండి వచ్చినవని అడుగువారికి అజంతా గోడలను చూపిన చాలును.

తరువాత మదరాసున న్యాయశాస్త్రము చదివి పట్టము పొందినారు. కొంతకాలము న్యాయవాదిగా ఉన్నారు గాని ఆ వృత్తి ఆయనకు పట్టుబడలేదు. సహాయనిరాకరణోద్యమమున పాల్గొని కారాగారమునకు వెళ్లినారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటోపాధ్యాయుల యొద్ద భారతీయ చిత్రకళను శాస్త్రీయముగా అభ్యసించినారు. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు కలిసి నెలకొల్పిన ఆ కళాశాలలోనే 1930వ దశకపు ఉత్తరార్ధమున తాను బోధించినారు. ‘అనసూయ’, ‘ధ్రువవిజయము’ మొదలగు చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించినారు. పాటలు వ్రాసినారు, పాడినారు. ‘శశికళ’ గీతములు ఆయనవే. మిత్రులందరకును ఆయన బాపిబావ. ఇన్ని పనులు చేసిన మనిషి ఒక్కదానియందైన స్థిరపడలేదని లౌకికులు అనవచ్చును. విష్ణుధర్మోత్తరమున చిత్రసూత్రము నేర్వగోరిన వజ్రునకు మార్కండేయుడు మొదట నృత్తము తెలియవలెననియు, నృత్తమునకు వాద్యము, వాద్యమునకు గీతము తెలియవలెననియు చెప్పినట్లున్నది. ఆ క్రమమున చూచిన, బాపిరాజుగారు చేసినది ఒకటే పని.

నవలాకారుడుగా ఆయనకు ప్రతిష్ఠ తెచ్చినది చారిత్రక నవల కాదు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయము నవలల పోటీ పెట్టినప్పుడు విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’, బాపిరాజుగారి ‘నారాయణరావు’ బహుమతిని సమానముగా పంచుకొన్నవి. ‘నారాయణరావు’ సాంఘికము. దానిని ఇచ్చట విడిచిపెట్టుచున్నాను.

చారిత్రకములలో ‘హిమబిందు’ శాతవాహనుల కాలమునకు చెందినది, ‘అడవి శాంతిశ్రీ’ ఇక్ష్వాకులది, ‘అంశుమతి’ వేంగీ చాళుక్యుల తొలిదినములది, ‘గోన గన్నారెడ్డి’ కాకతీయులది. ఈ నాలుగింటిని ఒకచోట పెట్టి చూచినచో ఆంధ్రదేశపు రాజవంశములను వరుసగా ఒక చిత్రశాలగా గీయవలెనను సంకల్పము స్పష్టమగును. ఆ కాలమున అందుకు సామగ్రి కొత్తగా లభించుచుండెను. నాగార్జునకొండ త్రవ్వకములు 1926 తరువాత సాగి, ఇక్ష్వాకుల శాసనములు వెలుగు చూచినవి. అడవి చాటిసిరియను రాకుమారి పేరు ఆ శాసనములలోనిదే. కాకతీయులపై 1935లో రాజమహేంద్రవరమునుండి ‘కాకతీయ సంచిక’ వెలువడినది. అదే సంవత్సరమున హైదరాబాదున లక్ష్మణరాయ పరిశోధక మండలివారు తెలంగాణ శాసనములను ప్రకటించినారు. అంతకుమునుపు తెలుగు నవలాకారుడు రాజపుత్రుల చరిత్రకో మహారాష్ట్రుల చరిత్రకో పోవలసివచ్చెడిది. బాపిరాజుగారి తరమునకు ఆ అవసరము తీరినది.

శాసనములు పేర్లను తిథులను ఇచ్చును గాని సంభాషణలను ఈయవు. ఆ లోటును బాపిరాజుగారు పూరించిన తీరున మన సంస్కృత వాఙ్మయపు ఛాయ కనబడును. ‘హిమబిందు’లోని విషకన్యను చూచినప్పుడు సంస్కృతము చదివినవారికి ముద్రారాక్షసము స్ఫురింపక మానదు. విశాఖదత్తుని నాటకమున చంద్రగుప్తునకై రాక్షసుడు పంపిన విషకన్య పర్వతకుని ప్రాణములు తీయును. ఆమె రంగముమీదికి రానే రాదు, ఆమెకు మనస్సున్నదో లేదో కవి చెప్పడు. బాపిరాజుగారు ఆ ఆయుధమునకు మనస్సు నిచ్చినారు. ఆ కన్యను స్థౌలతిష్యుడు తన కుట్రకు పనిముట్టుగా పెంచును, కాని ఆమె ప్రేమింపగలదు, దుఃఖింపగలదు. విశాఖదత్తునకు రాజనీతి ముఖ్యము, ఈయనకు రసము ముఖ్యము. ఈ భేదమును గుర్తుంచుకొని ఆదవోనికి వత్తము.

1940వ దశకపు నడుమ బాపిరాజుగారు హైదరాబాదున ఉన్నారు. గులాం మహమ్మదు కలకత్తావాలా నడిపిన ‘మీజాన్’ పత్రిక ఆంగ్లము, ఉర్దూ, తెలుగు మూడు భాషలలో వచ్చుచుండగా తెలుగు మీజానుకు సంపాదకులైనారు. నిజాము రాజ్యమున తెలుగు ఇంకను తలదాచుకొనుచున్న దినములవి. ‘గోన గన్నారెడ్డి’ ఆ సంవత్సరముల నవల. దాని భూగోళమును గమనింపుడు. గోనవారి వర్ధమానపురము నాడు నిజాము రాజ్యమున పాలమూరు మండలమున ఉన్నది, ఓరుగల్లు నిజాము రాజ్యముననే ఉన్నది. ఆదవోని మదరాసు రాజధానిలో బళ్లారి మండలమునకు చెందిన తాలూకా. మదరాసు రాజధాని తీరమునుండి వచ్చిన రచయిత, నిజాము నగరమున కూర్చుండి, ఆంగ్ల పాలనయందలి ఆదవోనిని, నిజాము పాలనయందలి ఓరుగంటిని ఒకే కథలో ముడివేసినారు. రెండు ప్రభుత్వముల సరిహద్దు ఆ కథలో లేదు. ఉన్నది కాకతీయ సామ్రాజ్యము. రుద్రమదేవి కథను ఎన్నుకొనుటకు ఇంతకుమించిన కారణము ఉన్నదని నేననుకొనను.

కథ సంగ్రహముగా ఇది. గోన లకుమయారెడ్డి తన కుమారుడు వరదారెడ్డికి ఆదవోని ప్రభువు కుమార్తె అన్నాంబికను నిశ్చయించును. కాకతీయ సింహాసనముపై స్త్రీ ఉండుటను సహింపని సామంతుల కూటమికి ఈ సంబంధము బలము చేకూర్చును. వివాహము పూర్తికాకమునుపే, గజదొంగగా పేరుమోసిన గన్నారెడ్డి తన వీరులతో వచ్చి వరుని ఎత్తుకొనిపోవును. అన్నాంబిక చివరకు ఓరుగంటికి చేరి రుద్రమదేవికి ఆప్తురాలగును. గన్నారెడ్డి దొంగతనము వెనుక కాకతీయ రాజ్యరక్షణ దీక్ష ఉన్నదని పాఠకులకు క్రమముగా తెలియును. తుదకు అన్నాంబిక గన్నారెడ్డిని వరించును.

ఇక శాసనము. రాయచూరు కోటగోడలో నలుబది యొక్క అడుగులకు మించిన నిడివిగల ఏకశిల యొకటి కలదు. దానిపై శక 1216 జయ సంవత్సరమున, అనగా 1294లో, చెక్కిన లేఖనమున్నది. కాకతీయ సామంతుడైన గోన గన్నారెడ్డి సేనాని విఠలుడు ఆదవాని, తుంబుళ, మానువ, హాలువ దుర్గములను గెలిచి రాయచూరు ప్రవేశించి ఈ ప్రాకారమును కట్టించెనని దాని సారాంశము. ఆ బండను పొడవైన బండిపై ఉంచి దున్నపోతుల బారులు లాగుచుండగా మనుష్యులు సాయపడుచున్న దృశ్యమును కూడ ఆ గోడలోనే చెక్కినారు. శిల్పి తన పనిలోని కష్టమును తానే చిత్రించుకొనుట మన దేశమున అరుదు. చిత్రకారుడైన బాపిరాజుగారి చేతికి ఈ దృశ్యము చిక్కవలసినది.

ఈ ప్రాంతపు నేల తెలిసినవారికి ఆ దుర్గముల వరుస మరియొక సంగతి చెప్పును. ఆదవాని నేటి ఆదోని. తుంబుళ దానికి ఉత్తరముననున్న పెదతుంబళము. ప్రాచీన దేవాలయ జైన శిథిలములతో నేటికిని నిలిచియున్నది. మానువ తుంగభద్రకు ఆవల మాన్వి. ఆ పిదప రాయచూరు. అనగా సేన దక్షిణమునుండి ఉత్తరమునకు నడచినది. వర్ధమానపురము ఈశాన్య దిక్కున ఉండగా రాయచూరును గెలుచుటకు మొదట ఆదవోనికి దిగుట యేల? దుర్గములలో బలమైనదానిని ముందు పట్టి, అచ్చటి ధాన్యమును ఆధారము చేసికొని, వెనుకనుండి శత్రువు రాకుండ చూచుకొని, అంతర్వేదిలోనికి ప్రవేశించినారని నా ఊహ. అట్లయినచో ఆ సేన కందనవోలు వైపునుండి నేటి యెమ్మిగనూరు నల్లరేగడి మైదానముల మీదుగానే వచ్చియుండవలెను. వానకాలమున ఆ నేలలో బండిచక్రము దిగబడిన సంగతి ఇచ్చటి రైతులకు చెప్పనక్కరలేదు. కావున దండయాత్ర ఎండుకాలపుదై యుండును. ఇది ఊహయే గాని శాసనవాక్యము కాదు.

ఇప్పుడు భేదములను చూడవచ్చును. రుద్రమదేవి పాలనకాలము 1262 నుండి 1289 వరకు. ఆమె మరణమును చందుపట్ల శాసనము 1289లో తెలుపుచున్నది. రాయచూరు శాసనము దానికి ఐదేండ్ల తరువాతిది, ప్రతాపరుద్రుని కాలమునకు చెందినది. బాపిరాజుగారు గన్నారెడ్డిని రుద్రమ పాలన తొలిదినములలో నవయువకునిగా నిలిపినారు. ఇది అసంభవము కాదు. యౌవనమున రుద్రమను కొలిచినవాడు వయస్సు మళ్లిన పిదప ప్రతాపరుద్రుని కొలువున సేనానిని రాయచూరునకు పంపియుండవచ్చును. రెండవ భేదము ఇంతకంటె పెద్దది. విఠలుడు గెలిచిన ఆదవోని దేవగిరి యాదవుల పక్షపు దుర్గము. నవలలో అది కాకతీయ మండలాధిపతులలో ఒకని రాజధాని. పరపక్షపు కోట స్వపక్షమున తిరుగబడిన కోటగా మారినది. మూడవది, ఖడ్గముతో తీరిన వ్యవహారము కల్యాణవేదికపై ఆరంభమైనది.

విఠలుని విషయమున ఒక చిన్న మాట. రంగనాథ రామాయణకర్తగా ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డి కుమారులు కాచ విఠలులు ఉత్తరరామాయణమును ద్విపదలో వ్రాసినారు. ఆ విఠలుడును రాయచూరు విఠలుడును ఒకరే యని కొందరు తలచుచుందురు. అందుకు పేరొక్కటి చాలదు. ఈ వంశమున కవులును వీరులును కలిసియుండుట మాత్రము నిజము. బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక 1276లో బూదపుర శాసనమును వేయించినది. ఇట్టి వంశమును నవలకు ఎన్నుకొనుట బాపిరాజుగారి వివేకము.

చరిత్రను మార్చు అధికారము కవికి కలదా? అలంకారశాస్త్రము చదివినవారికి ఇది కొత్త ప్రశ్న కాదు. ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున ఆనందవర్ధనుడు దీనికి సమాధానము చెప్పినాడు. ఇతివృత్తమున రసమునకు అనుకూలముగాని ఘట్టము వచ్చినచో కవి దానిని విడిచి, నడుమ మరియొక కథను కల్పించియైనను రసోచితముగా నడుపవలెననియు, జరిగినదానిని జరిగినట్లు చెప్పుట ఇతిహాసముననే సిద్ధించుచున్నది గనుక కవికి అదే ప్రయోజనము కాదనియు ఆయన మతము. మహాభారతమున లేని దుర్వాసశాపమును కాళిదాసు శాకుంతలమున ప్రవేశపెట్టినది ఇందుకే. భారతములోని దుష్యంతుడు తెలిసియే శకుంతలను కాదన్నాడు. కాళిదాసునకు ఆ నాయకుడు పనికిరాడు. అట్లే దేవగిరి పక్షమున పోరి ఓడిన పరాయి దుర్గాధిపతి బాపిరాజుగారికి పనికిరాడు. స్త్రీ పాలనను నిరాకరించిన స్వజనులే ప్రతిపక్షము కావలెను. ఆ కథకు ఆదవోని ఆ వైపుననే ఉండవలెను.

ఆ కల్పనలోని చమత్కారమును కొంచెము నిలిచి చూడవలెను. మనకు తెలిసిన కల్యాణాపహరణము రుక్మిణిది. శిశుపాలునకు ఈయనున్న కన్యను కృష్ణుడు ఎత్తుకొనిపోయినాడు. సుభద్రాహరణమును అట్టిదే. ధర్మశాస్త్రకారులు రాక్షసవివాహమని పేరుపెట్టినది కన్యాపహరణమునకే. బాపిరాజుగారు వరుని అపహరింపజేసినారు! కన్య అచ్చటనే నిలిచినది. ఏ వీరుని రథముపైనను ఆమె వస్తువుగా పోలేదు. మంత్రములు సగము జరిగినవి, సప్తపది జరుగలేదు. కావున శాస్త్రదృష్టిచేత ఆమె కన్యయే. ఇక ఆమె ఎచ్చటికి పోవలెనో ఆమెయే నిర్ణయించుకొనవలెను. ఆమె ఓరుగంటికి, రాజ్యమేలు స్త్రీ సన్నిధికి పోయినది. స్త్రీకి సింహాసనము తగునా యను వివాదముపై నడచు కథకు ఇంతకంటె ఉచితమైన ఆరంభమును నేను ఊహింపలేను. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యము దీనికి సంపూర్ణముగా ఉన్నది. కావున ఈ మార్పును దోషమని నేనొప్పను.

నేను దోషమనునది వేరొకటి కలదు. ఆయన ఆదవోనిలో ఆదవోని లేదు. నగరవర్ణన సమృద్ధముగా ఉండును, అలంకారములు లెక్కకు మిక్కిలి. కాని ఆ వర్ణనను ధాన్యకటకమునకు మార్చి చదివినను చెల్లును. ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న ఈ గుండ్లు, వానిలో వర్షపునీరు నిలుచు దొనలు, వేసవి రాత్రి బండరాయి విడుచు వేడి, ఇవి ఆయన కంటబడలేదు. నేల ఎఱుగని చోట చిత్రకారుని కన్ను అజంతా వైపునకే పోయినది. ‘హంపీ శిథిలాలు’ అను కథ వ్రాసిన రచయిత ఆదవోని రాళ్లను ఇట్లు విడుచుట వింతగా తోచును. నోరి నరసింహశాస్త్రిగారు కూడ ‘రుద్రమదేవి’ని నవలగా వ్రాసినారు. శాస్త్రిగారు గ్రంథములు పరిశోధించి, కాలమును నిర్ణయించుకొని, అడుగుతీసి అడుగు వేయుదురు. బాపిరాజుగారు పాడుచు పోవుదురు. శాస్త్రిగారి పుస్తకమున పండితునకు తృప్తి కలుగును. కాని తెలుగునాట గన్నారెడ్డి పేరు ఇంటింటికి చేరినది బాపిరాజుగారి వలననే.

ఆ ప్రచారమునకు మరియొక ఫలము కూడ కలిగినది. 2015లో రుద్రమదేవిపై చలనచిత్రము వచ్చిన తరువాత గన్నారెడ్డి, అన్నాంబిక మరల అందరి నోళ్లలో పడినారు. ఆదోని కొండమీద అన్నాంబిక పెండ్లిమండపము ఎచ్చటనున్నదని ఒక విద్యార్థి నన్ను అడిగినాడు. అన్నాంబిక వివాహము నవలలోనిదని చెప్పగా అతని ముఖము చిన్నబోయినది. విఠలుని శాసనము సంగతి చెప్పితిని. అతడు దానిని మునుపు విననే లేదు. కల్పన చరిత్రను కప్పివేసినప్పుడు తప్పు కవిది కాదు, బోధకులది. దుర్వాసశాపము భారతమున లేదని శాకుంతలము చెప్పువారు మొదటి దినముననే చెప్పుదురు. ‘గోన గన్నారెడ్డి’ని పాఠముగా చెప్పువారు రాయచూరు శాసనమును ప్రక్కన పెట్టుకొని చెప్పవలసియుండెను. ప్రాచ్య కళాశాలలయందు శాసనపాఠమును కావ్యపాఠమును వేరు వేరు గదులలో ఉంచుట మనకు అలవాటైపోయినది.

బాపిరాజుగారి చివరి సంవత్సరములు చిత్రకళయందే గడచినవి. 1951లో నాటి మదరాసు ప్రభుత్వము కోరగా సింహళమునకు వెళ్లి సిగిరియా కుడ్యచిత్రములకు ప్రతికృతులు వ్రాసినారు. అజంతాతో మొదలైన ఆయన కన్ను సిగిరియాతో ముగిసినది. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన మదరాసున పరమపదించినారు. అప్పటికి ఏబదియేడు నిండలేదు.

ఆయన గతించిన సంవత్సరమునకు, 1953 అక్టోబరు 1న, ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదవోని తాలూకా బళ్లారినుండి విడివడి కర్నూలు మండలమున చేరినది. 1956లో ఓరుగల్లు, వర్ధమానపురము, ఆదవోని ఒకే ఆంధ్రప్రదేశమున కలిసినవి. రాయచూరు మాత్రము మైసూరు రాష్ట్రమునకు పోయినది. 2014 తరువాత ఓరుగల్లు, వర్ధమానపురము తెలంగాణముననున్నవి. నవలయును శాసనమును కలిపి చదువగోరు ఆదోని విద్యార్థికి ఇవి పెద్ద ఆటంకములు కావు. ఉదయమున ఆదోనిలో రైలెక్కినచో తుంగభద్ర దాటి మధ్యాహ్నములోపల రాయచూరు కోట ముంగిట నిలువవచ్చును. అచ్చట గోడలోని ఆ నిడుపాటి బండపై తెలుగు అక్షరములలో ఆదవాని పేరు మొదట వెదకవలెను, తరువాత ప్రక్కనున్న దున్నపోతుల బండిని చూడవలెను.